రింగ్ బఫర్ కథ: రాసినవాళ్ళూ, ఒప్పుకోనివాళ్ళూ

మీ జేబులో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోను అయితే అందులో లినక్స్ కెర్నెల్ ఉన్నట్టే. ఆ కెర్నెల్ సోర్సులో ట్రేస్ అనే ఫోల్డరు తెరిస్తే రింగ్ బఫర్ అని ఒక సి ఫైలు కనిపిస్తుంది. కొన్ని వేల లైన్లు. ఫోను ఎందుకు జర్క్ ఇస్తోంది, సర్వరు రాత్రి రెండింటికి ఎందుకు నిద్రపోయింది లాంటి ప్రశ్నలకి జవాబు వెతికేవాళ్ళు పెర్ఫెట్టో, ఎఫ్‌ట్రేస్ అని ఏ పేరుతో వెతికినా, కెర్నెల్ వైపు నుంచి వచ్చే డేటాలో ఎక్కువ భాగం ఈ బఫర్లోంచే వస్తుంది. అందరం వాడతాం, ఎవరం తెరిచి చూడం.

మన ఐటీ జనాలకి చరిత్ర అంటే ఎవరు కనిపెట్టారు, ఎప్పుడు రిలీజు చేశారు, అంతే. "వద్దు, ఇది తప్పు, మళ్ళీ రాసుకు రా" అన్నవాళ్ళ చరిత్ర ఎవడూ రాయడు. ఈ రింగ్ బఫర్ విషయంలో మాత్రం ఆ రెండో రకం వాళ్ళని వదిలేస్తే అసలు కథే మిగలదు. అందుకే ఈ టపా. కొంచెం పొడుగు, టీ తెచ్చుకోండి :)

ముందు అసలు సమస్యేంటో చూద్దాం. ట్రేసింగ్ అంటే కెర్నెల్ పని చేస్తుండగా "ఇదుగో ఈ ఫంక్షన్ పిలిచాను, ఇదుగో ఈ ఇంటరప్ట్ వచ్చింది" అని ఎప్పటికప్పుడు రాసుకోవడం. రాసుకోవడానికి ఒక పుస్తకం కావాలి. అది గుండ్రటి పుస్తకం, ఆఖరి పేజీ అయిపోతే మళ్ళీ మొదటి పేజీ మీదే రాస్తాం, పాతది చెరిగిపోతుంది. వినడానికి సెకండియర్ డేటా స్ట్రక్చర్స్ ల్యాబు ప్రోగ్రాంలా ఉంది కదూ? చిక్కంతా రాసేవాడు ఎవడు అన్న దగ్గరుంది.

మాది బోయిగూడ. సికింద్రాబాద్ స్టేషన్‌కి పదో నంబరు ప్లాట్‌ఫారం వైపు. రైళ్ళ భాషలో చెప్తే నాకే తేలిక. ప్యాసింజర్ బండిని లూప్ లైన్లో ఆపి ఎక్స్‌ప్రెస్‌కి దారిస్తారు. వెనకాల యాక్సిడెంట్ రిలీఫ్ ట్రెయిన్ వస్తోందంటే ఆ ఎక్స్‌ప్రెస్ కూడా ఆగాల్సిందే. ఆపినవాడు వెళ్ళాకే ఆగినవాడు కదులుతాడు. కెర్నెల్ కూడా ఇంతే. మామూలు ప్రోగ్రాం పని నడుస్తుంటే సాఫ్ట్ ఇంటరప్ట్ వచ్చి ఆపుతుంది, దాన్ని హార్డ్‌వేర్ ఇంటరప్ట్ ఆపుతుంది, దాన్ని కూడా ఎన్ఎమ్ఐ అనేది ఆపుతుంది. ఎన్ఎమ్ఐ ని ఆపేవాడు లేడు. ఈ నలుగురూ అదే పుస్తకంలో, ఒకడు సగం వాక్యం రాస్తుండగా ఇంకొకడు చొరబడి, రాయాలి.

లాక్ వేస్తే సరిపోదా అంటారా? ప్యాసింజర్ లైను మీద ఉండి తాళం చెవి జేబులో పెట్టుకుంది. రిలీఫ్ ట్రెయిన్ వచ్చి తాళం ఇవ్వమంది. ప్యాసింజర్ కదిలితే కదా ఇవ్వడానికి, రిలీఫ్ ట్రెయిన్ వెళ్తే కదా అది కదలడానికి. మెషీన్ అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. పైగా ఇదంతా సమస్య కనిపెట్టడానికి పెట్టిన పరికరం. జ్వరం చూసే థర్మామీటరే జ్వరం తెప్పిస్తే ఎలా? అందుకే ఈ ఫైల్లో ఒక్క లైను మారినా పదిమంది మీద పడతారు.

ఇక చరిత్ర. లినక్స్‌లో ట్రేసింగ్ కోసం మొదటి గట్టి ప్రయత్నం 1999లో కరీమ్ యాగ్మూర్ మొదలెట్టిన లినక్స్ ట్రేస్ టూల్‌కిట్. ఎన్నేళ్ళు తిరిగినా దాన్ని కెర్నెల్లోకి రానివ్వలేదు. వేరే దారిలో ఐబీఎం వాళ్ళు డైనమిక్ ప్రోబ్స్ అనే దాంట్లోంచి చిన్న ముక్క విడదీసి కేప్రోబ్స్ అన్నారు. నడుస్తున్న కెర్నెల్లో ఏ ఇన్‌స్ట్రక్షన్ దగ్గరైనా ఒక బ్రేక్‌పాయింట్ గుచ్చి, అక్కడికి రాగానే మన ఫంక్షన్ నడిపించి, తర్వాత అసలు ఇన్‌స్ట్రక్షన్ కాపీని నడిపించి ఏమీ ఎరగనట్టు ముందుకి పోవడం. ఈ పని చాలావరకు జరిగింది బెంగుళూరులో, ఐబీఎం లినక్స్ టెక్నాలజీ సెంటర్‌లో. కేప్రోబ్స్ ఫైలు తెరిస్తే పైనే ఉంటుంది: 2002 అక్టోబర్, మొదటి రూపం వంశీ కృష్ణ ఎస్., రస్టీ రసెల్ సాయంతో. 2004లో సుపర్ణా భట్టాచార్య, ప్రసన్న ఎస్. పంచముఖి పేర్లు. కెర్నెల్లోకి వచ్చింది 2.6.9లో, అంటే 2004 అక్టోబర్‌లో. రాసిన రెండేళ్ళకి! సుపర్ణ చేర్చిన జంపర్ ప్రోబ్స్ అనే సదుపాయాన్ని 2018లో తీసేశారు, అవసరం తీరిపోయింది. ఫైలు నెత్తిన ఆ లైను మాత్రం అలాగే ఉంచారు.

"ఇండియాలో కెర్నెల్ పని ఎవడు చేస్తాడండీ, మనవన్నీ సపోర్ట్ ప్రాజెక్టులే" అని పెదవి విరిచే సీనియర్లు ప్రతి ఆఫీసులో ఉంటారు. వాళ్ళకి ఈ ఫైలు చూపించాలని నాకు మహా సరదా.

సరే, 2008కి వద్దాం. అప్పటికి ఎవరి పుస్తకం వాళ్ళది. ఎఫ్‌ట్రేస్‌కి ఒక బఫరు, మాథ్యూ డెస్నోయర్స్ రాసిన ఎల్‌టీటీఎన్‌జీకి ఒకటి, సిస్టమ్‌ట్యాప్ ఇంకో దాంట్లో. ఆ సెప్టెంబర్‌లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో కెర్నెల్ సమిట్, దాని వెంటనే ప్లంబర్స్ కాన్ఫరెన్స్ జరిగాయి. అందరికీ కలిపి ఒకే బఫరు ఉండాలని అక్కడ తేలింది. రెడ్ హ్యాట్‌లో ఉన్న స్టీవెన్ రాస్టెడ్ రాయడానికి పూనుకున్నాడు. తర్వాతి కొద్ది రోజుల్లోనే పది విడతలు పంపాడు. పది అంటే తొమ్మిది సార్లు "కాదు" అనిపించుకున్నాడని అర్థం.

ఆ "కాదు"ల్లో నాకు బాగా నచ్చింది హెడర్ గొడవ. ప్రతి ఈవెంటుకి ముందు అది ఏ రకం, ఎంత పొడుగు, ఎప్పుడు జరిగింది అని రాయాలి. మనమైతే ఒక స్ట్రక్చర్ పెట్టి, టైముకి 64 బిట్లు ఇచ్చి, చేతులు దులుపుకుంటాం. లైనస్ టోర్వాల్డ్స్ మాత్రం హెడర్ చిన్నదిగా ఉండాలని పట్టుబట్టినవాళ్ళలో ముందున్నాడు. చివరికి మొత్తం 32 బిట్లలో ఇరికించారు. రకానికీ పొడుగుకీ కలిపి 5 బిట్లు, టైముకి 27. పూర్తి టైము రాయరు, ముందు ఈవెంటు నుంచి ఎన్ని నానోసెకన్లు గడిచాయో రాస్తారు. 27 బిట్లలో సుమారు 13.4 కోట్ల నానోసెకన్లు పడతాయి, అంటే సెకనులో ఎనిమిదో వంతు కన్నా కాస్త ఎక్కువ. అంతకన్నా ఎక్కువ గ్యాప్ వస్తే మధ్యలో ఒక ప్రత్యేక ఎంట్రీ. సెకనుకి 10 లక్షల ఈవెంట్లు రాసే చోట, ఒక్క టైముకే 8 బైట్లు ఇచ్చే బదులు హెడరంతా కలిపి 4 బైట్లలో సర్దితే సెకనుకి కనీసం 40 లక్షల బైట్లు మిగులు. (ఈ లెక్క నాది, ఎక్కడా చదివింది కాదు.) అయితే ఈ పొదుపుకి తర్వాత వడ్డీ కట్టాల్సొచ్చింది, ఆ సంగతి కిందకొస్తే చెప్తా.

ఈ బఫర్ 2008 డిసెంబర్‌లో 2.6.28తో బయటికొచ్చింది. దానికి రెండు నెలల ముందు ఎఫ్‌ట్రేస్ పరువు గంగలో కలిసినంత పనయింది. 2.6.27 టెస్టింగ్‌లో ఉండగా కొంతమంది ల్యాప్‌టాపుల్లో ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు చచ్చిపోవడం మొదలెట్టాయి. ఈ1000ఈ డ్రైవర్ వాడే కార్డులు. రీబూట్ చేస్తే బాగయ్యే రకం కాదు, కార్డులోని ఫ్లాష్ మెమరీయే పాడైపోయింది. వారాల తరబడి అందరూ డ్రైవర్ని అనుమానించారు, పాపం. అసలు దొంగ ఎఫ్‌ట్రేస్! మాడ్యూల్ మొదలయ్యాక ఖాళీ చేసేసిన కోడు అడ్రసులని ఎఫ్‌ట్రేస్ ఇంకా గుర్తుపెట్టుకుని ఉంది. ఆ అడ్రసుల్లోకి నెట్‌వర్క్ కార్డు ఫ్లాష్ వచ్చి కూర్చుంది. ఎఫ్‌ట్రేస్ కంపేర్-అండ్-ఎక్స్ఛేంజ్ ఇన్‌స్ట్రక్షన్‌తో "పాత విలువ ఉంటేనే మారుద్దాం" అని జాగ్రత్తగానే వెళ్ళింది. కానీ ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ ఇన్‌స్ట్రక్షన్ పోలిక కుదరకపోయినా ఒకసారి రాస్తుంది, చదివిన విలువనే తిరిగి రాస్తుంది. మామూలు మెమరీకి అది ఏ హానీ చెయ్యదు. ఫ్లాష్‌కి చేసింది. 2.6.27 వచ్చిన వారంలోపే 2.6.27.1 వచ్చింది, ఆ డైనమిక్ ఎఫ్‌ట్రేస్‌ని ఆపెయ్యడం ఒక్కటే దాని పని.

ఇది రింగ్ బఫర్ తప్పు కాదు, దాని ఇంటి మనిషిది. అయినా ఇది తెలిస్తేనే తర్వాత రివ్యూల్లో ఒక్కొక్కరు ఎందుకంత చాదస్తంగా ఉంటారో అర్థమవుతుంది. "టెస్ట్ చేశాను, పని చేస్తోంది" అన్న మాటకి అక్కడ విలువ లేకుండా పోయింది.

2009లో రాస్టెడ్ లాకులన్నీ తీసేసిన రూపం తెచ్చాడు. గ్యాస్ సిలిండర్ గుర్తు తెచ్చుకోండి. చదివేవాడి చేతిలో ఎప్పుడూ ఒక ఖాళీ పేజీ ఉంటుంది. ఖాళీది లోపలికి ఇచ్చి నిండుది బయటికి తీసుకుంటాడు, ఇక దాన్ని తీరిగ్గా చదువుకోవచ్చు, రాసేవాళ్ళతో పేచీ లేదు. మార్పిడి జరిగే ఆ క్షణంలో రాసేవాడు కూడా అదే పేజీకి వస్తే? దానికో కిటుకు. పేజీల అడ్రసుల్లో చివరి రెండు బిట్లు ఎలాగూ సున్నాలే కాబట్టి, వాటిలో "ఇది తల పేజీ", "ఇక్కడ మార్పు జరుగుతోంది" అని గుర్తులు పెట్టాడు. రెండు బిట్ల మీద మొత్తం ట్రాఫిక్ నడుస్తుంది! ఈ డిజైన్‌ని వివరిస్తూ రాస్టెడ్ రాసిన డాక్యుమెంట్ కెర్నెల్ సోర్సులోనే ఉంది, 2.6.31 కోసం రాసింది. బాణాలూ డబ్బాలూ గీసి అడుగు అడుగూ చూపించాడు. వీలైతే ఒక ఆదివారం చదవండి.

ఆ డాక్యుమెంట్ మొదట్లో రాసినవాడి పేరు పక్కనే రివ్యూ చేసినవాళ్ళ పేర్లు వేశాడు. నాలుగు పేర్లు, అందులో మొదటిది మాథ్యూ డెస్నోయర్స్.

ఇక్కడ కాసేపు ఆగాలి. మాథ్యూ ఎవరు? పోటీ బఫర్ రాసినవాడు. ఎల్‌టీటీఎన్‌జీ అతని ఏళ్ళ కష్టం, 2009లో మాంట్రియల్‌లో పూర్తి చేసిన అతని పీహెచ్‌డీ కూడా దాని మీదే. అతను రాసిన ట్రేస్‌పాయింట్లు 2.6.28లో కెర్నెల్లోకి వచ్చాయి, సరిగ్గా రాస్టెడ్ బఫర్‌తో పాటే. అతని బఫర్ మాత్రం రాలేదు. 2011 చివర్లో ఎల్‌టీటీఎన్‌జీ స్టేజింగ్ దాకా వెళ్ళినట్టే వెళ్ళి వెనక్కొచ్చేసింది, ఇప్పటికీ విడి మాడ్యూళ్ళుగానే బయట ఉంది. మనలో ఎవరికైనా ఇలా జరిగితే ఏం చేస్తాం? "నీ ఖర్మ, నువ్వే చూసుకో" అని ప్రాజెక్టు మారిపోతాం, లేదా కంపెనీయే మారిపోతాం. ఇతను గెలిచినవాడి కోడు లైను లైనూ చదివి ఎక్కడ విరుగుతుందో చెప్పాడు. వాదనలు అన్నిసార్లూ తియ్యగా సాగాయని కాదు, ఇద్దరూ గట్టివాళ్ళే. కానీ చదవడం ఆపలేదు. రాస్టెడ్ కూడా ఆ పేరు దాచుకోలేదు.

మళ్ళీ బెంగుళూరుకి. కేప్రోబ్స్ కెర్నెల్ లోపల గుచ్చుతుంది, మరి మామూలు ప్రోగ్రాముల్లో గుచ్చాలంటే? 2006లో ప్రసన్న పంచముఖి యూజర్ స్పేస్ ప్రోబ్స్ ప్యాచ్‌లు పంపాడు. ఫైల్ సిస్టమ్ పేజీలు చదివే ఆపరేషన్లని దారి మళ్ళించే పద్ధతి అందులో ఉంది, అది పెద్దలకి రుచించలేదు. తర్వాత ఐబీఎం అమెరికాలోని జిమ్ కెనిస్టన్, ఇక్కడి శ్రీకర్ ద్రోణంరాజు లాంటివాళ్ళు రెడ్ హ్యాట్ వాళ్ళ యూట్రేస్ మీద ఆధారపడి ఇంకో రూపం కట్టారు. 2010 వచ్చేసరికి యూట్రేస్‌కే గేటు మూసేశారు. పునాది పోయాక గోడలెక్కడ నిలుస్తాయి? మళ్ళీ మొదటికి.

ఈసారి పీటర్ జైల్‌స్ట్రా పట్టుబట్టింది అసలు ఆలోచన మీదే. ప్రోబ్‌ని ప్రాసెస్‌కి కట్టొద్దు, ఫైలుకి కట్టు అన్నాడు. సి లైబ్రరీలో మ్యాలక్ ని ట్రేస్ చెయ్యాలంటే ఏ ప్రాసెస్ నంబర్ అని అడగడం ఏంటి, ఆ లైబ్రరీ ఫైల్లో ఫలానా ఆఫ్‌సెట్ అని చెప్తే దాన్ని ఎవరు వాడినా పట్టుకోవాలి కదా. చెప్పడం తేలికే. చెయ్యాలంటే మెమరీ మేనేజ్‌మెంట్ అంతా కెలకాలి. శ్రీకర్ చేశాడు. 2011లో పంపిన ఐదో విడతలో 26 ప్యాచ్‌లున్నాయి. అదీ చాల్లేదు, ఇంకా విడతలు. ఒలెగ్ నెస్టెరోవ్ సిగ్నళ్ళ దగ్గరా ఫోర్కు దగ్గరా రేసులు వెతికి వెతికి పట్టుకున్నాడు. యూప్రోబ్స్ కెర్నెల్లోకి వచ్చింది 3.5లో, 2012 జులైలో. ప్రసన్న మొదటి ప్యాచ్ నుంచి లెక్కేస్తే ఆరేళ్ళు!

ఆ ఫైలు పైన శ్రీకర్ ద్రోణంరాజు, జిమ్ కెనిస్టన్ పేర్లు రచయితలుగా ఉంటాయి. వాటి కింద కాపీరైట్ లైన్లో పీటర్ జైల్‌స్ట్రా పేరు కూడా ఉంటుంది. అడ్డం చెప్పిన మనిషి చివరికి చెయ్యి కూడా కలిపాడు. ఒలెగ్ తర్వాత దాని బాధ్యత తీసుకున్నవాళ్ళలో ఒకడయ్యాడు. యూప్రోబ్ గుచ్చి ఈవెంటు పుట్టిస్తే అది పోయి పడేది కూడా రాస్టెడ్ రింగ్ బఫర్లోనే. ఈరోజు బీపీఎఫ్ పేరుతో ప్రొడక్షన్ సర్వర్లలో రీస్టార్ట్ లేకుండా ప్రోగ్రాముల్ని ట్రేస్ చేసే టూల్స్‌లో చాలావాటికి ఈ యూప్రోబ్సే ఆధారం. అన్నట్టు, అవి ప్రోబ్‌ని గుర్తుపెట్టుకునేది ఫైలు, ఆఫ్‌సెట్ తోనే. 2006 ప్యాచే ఉన్నదున్నట్టు ఒప్పేసుకుని ఉంటే మనకి ఇది దక్కేది కాదు. అలాగని ఆరేళ్ళు తిప్పడం అన్నివేళలా న్యాయమని నేననను. ఇంత ఓపిక, ఇంతకాలం జీతమిచ్చే కంపెనీ, అందరికీ ఉండవు. ఇంట్లో కూర్చుని రాసే కుర్రాడు మూడో విడతకే దండం పెట్టి వెళ్ళిపోతాడు. అలా పోయిన మంచి ప్యాచ్‌లు ఎన్నో ఉండే ఉంటాయి. రివ్యూల్లో బూతులు తిట్టడం గురించైతే చెప్పక్కర్లేదు. 2018లో కెర్నెల్‌కి ప్రవర్తనా నియమావళి పెట్టాల్సొచ్చింది. పీటర్ చెప్పిన "ఫైలుకి కట్టు" అన్న మాటలో బలం ఉంది, దానికి తిట్టు తోడు అక్కర్లేదు.

ఇప్పుడు ఆ వడ్డీ సంగతి. టైము తేడాలే రాస్తాం అన్నాం కదా. ప్యాసింజర్ సగం రాస్తుండగా ఎక్స్‌ప్రెస్ చొరబడితే, ఎక్స్‌ప్రెస్ తన తేడాని దేన్నుంచి లెక్కేసుకోవాలి? ముందువాడి టైము ఇంకా ఖరారు కాలేదు. 2008లో దీనికి చేసిన పరిష్కారం ఏంటో తెలుసా? సున్నా రాసెయ్యడం. అంటే ఇంటరప్ట్‌లో జరిగిన ఈవెంట్లన్నీ, అది ఆపిన ఈవెంటు జరిగిన క్షణంలోనే జరిగినట్టు కనిపిస్తాయి. వరస తప్పదు, టైము మాత్రం అబద్ధం. ఇది 2020 దాకా అలాగే నడిచింది, పన్నెండేళ్ళు! అప్పుడు రాస్టెడ్ రాయడానికి ముందొక గుర్తు, తర్వాతొక గుర్తు పెట్టి, రెండూ కలవకపోతే మధ్యలో ఎవరో చొరబడ్డారని పసిగట్టే పద్ధతి తెచ్చాడు.

అందులోనూ ఒక మెలిక. 32 బిట్ ప్రాసెసర్లలో 64 బిట్ల టైముని ఒక్క దెబ్బలో మార్చడం కష్టం. అందుకని ముక్కలు చేసి, ముక్కలన్నీ ఒకే రాతలోవి అని తెలియడానికి ప్రతి ముక్కలో ఒక చిన్న లెక్క దాచి, చాలా తెలివిగా రాశారు. 2023 డిసెంబర్‌లో ఆ తెలివి బయటపడింది. ఒకదాని వెంట ఒకటి రేసులు. దిద్దుబాట్లలో ఒకటి ఎవరు రాశారో చూస్తే, మాథ్యూ డెస్నోయర్స్! పదిహేనేళ్ళ తర్వాత కూడా అదే మనిషి, అదే ఎదుటివాడి ఫైలు. చివరికి ఆ 32 బిట్ తెలివైన కోడు మొత్తాన్నీ పీకి పారేశారు. ఫైలు చిన్నదైంది.

నేను పని చేసిన ఒక కంపెనీలో రివ్యూకి ఎంత టైము పట్టిందో డ్యాష్‌బోర్డ్‌లో పెట్టేవాళ్ళు. తక్కువ పడితే ఆకుపచ్చ, ఎక్కువ పడితే ఎరుపు. రెండు వేల లైన్ల మార్పుకి నాలుగు నిమిషాల్లో "బాగుంది" అని కొట్టినవాడిది ఆకుపచ్చ. ఇక అప్రైజల్లో "ఎన్ని ఫీచర్లు రాశావ్" అని అడుగుతారు గానీ "ఎన్ని ఆపావ్" అని అడిగిన మేనేజర్ని నేనింకా చూళ్ళేదు. మీరు చూసుంటే కంపెనీ పేరు చెప్పండి, రెజ్యూమె పంపిస్తా :)

బఫర్ పని ఇంకా అయిపోలేదు. గూగుల్‌కి చెందిన విన్సెంట్ డొన్‌ఫోర్ట్ ఈ పేజీల్ని యూజర్ ప్రోగ్రామే నేరుగా తన మెమరీలోకి మ్యాప్ చేసుకుని, కాపీ ఖర్చు లేకుండా చదువుకునే ప్యాచ్‌లు తెచ్చాడు. ఇప్పుడు ఖాళీ సిలిండర్ మార్పిడి బయటివాళ్ళ కళ్ళ ముందే జరగాలి, వాళ్ళు చూస్తుండగా పేజీ మారిపోకూడదు. ట్రేసింగ్ వాళ్ళు సరే అన్నా మెమరీ మేనేజ్‌మెంట్ వాళ్ళు వదల్లేదు. 6.10లో, 2024 జులైలో బయటికొచ్చింది. అప్పటికి విడతలు ఇరవై దాటాయి. గిట్ లాగ్ తీసి ఆ కమిట్ల అడుగున ఎవరెవరి పేర్లున్నాయో ఒకసారి చూడండి.